ఇసుకాయన అంగడి మూయించిన పెట్టె

ఇసుకాయన అంగడి మూతపడిందని విన్న రోజు నేను బజారుకు వెళ్ళి మైసూరుపాకు కట్టించుకొచ్చి, వంటింట్లో నిలబడి ఒక్కదాన్నే తిన్నాను. మా ఆయన డ్యూటీ దిగి ఇంటికొచ్చి, నా చేతిలో పొట్లం చూసి "ఏం విశేషమ్మే?" అని అడిగాడు. "ఒకాయన అంగడి మూసేసినాడంట" అన్నాను. మా ఆయన బస్సు డ్రైవరు. ఎదురొచ్చే బండి తీరు చూసి పక్కకు తప్పుకోవడం బాగా తెలిసిన మనిషి. కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

ఆ అంగడిని నేను ఎలా మూయించానో చెబుతాను. చివర్లో నేను కళ్ళనీళ్ళు పెట్టుకుంటానేమోనని ఎదురుచూసేవాళ్ళు ఇక్కడే ఆగిపోతే మంచిది.

మేము ఉండేది కదిరిలో. ఇంటి పక్కన రేకుల షెడ్డులో కుట్టు మిషన్లు బాగుచేస్తాను. అది మా నాయన పని. చిన్నప్పటి నుంచి ఆయన పక్కన కూర్చుని, ఆయన చేతికి స్పానర్లు అందిస్తూ నేర్చుకున్నాను. నాయన పోయాక షెడ్డు నాదయింది గానీ గిరాకీ నాది కాలేదు. టైలర్లు బెల్టు మార్చడానికీ, బాబిన్ కేసు సరిచేయించుకోవడానికీ వచ్చేవాళ్ళు. మిషన్ తల విప్పాల్సిన పని అనేసరికి "చూద్దాంలేమ్మా" అని నసిగేవాళ్ళు. అదే మిషన్‌ను బస్సులో బెంగళూరు దాకా మోసుకుపోయి, చేయించుకుని, మళ్ళీ మోసుకొచ్చేవాళ్ళు. మా ఆయన బస్సులోనే తీసుకొచ్చినవాళ్ళు కూడా ఉన్నారు.

నన్ను మొదట నమ్మింది ఒక్కాయన. బడిపిల్లల యూనిఫాంలు కుట్టే పెద్ద టైలరు, మా నాయనకు పాత స్నేహితుడు. నేను చాచా అని పిలుస్తాను. బజారులోని టైలర్లందరూ ఏ పనికైనా ముందు ఆయన మొహం చూస్తారు. ఆయన ఒక పాత ఇనుప మిషన్ తెచ్చి నా బల్ల మీద పెట్టారు. రంగంతా పెచ్చులు లేచి, తుప్పు పట్టి ఉంది.

"మా అబ్బా కాలందమ్మా ఇది. కొత్త పెండ్లికూతురు లెక్క చేసియ్యాల. బాగుంటే నా మిషన్లన్నీ నీకే. నన్ను చూసి బజారోళ్ళంతా నీకాడికే వస్తారు" అన్నారు.

నా బతుకు ఆ మిషన్ మీద ఆధారపడి ఉందని నాకు తెలుసు. అందుకే ఏ తొందరా పడలేదు. దసరా వచ్చింది. ఆయుధ పూజకు షెడ్డులోని సామాన్లన్నిటితో పాటు దానికీ పసుపు కుంకుమ పెట్టాను. పండగ వెళ్ళిన తర్వాత పని మొదలుపెట్టాను.

ఇనుము మీద కొత్త రంగు నిలబడాలంటే ముందు పాత రంగూ తుప్పూ పూర్తిగా పోవాలి. ఉప్పుకాగితంతో రుద్దితే మూలమూలకూ చెయ్యి దూరదు. కంప్రెసర్ గాలితో ఇసుక కొట్టిస్తే నిమిషాల్లో పోతుంది. మా ఊళ్ళో ఆ పని చేసేది ఒక్కడే. ఊరి చివర, పట్ట కప్పిన ఖాళీ జాగాలో, మొహానికి తువ్వాలు చుట్టుకుని, ఏటి ఇసుక జల్లించి కొట్టేవాడు. గేట్లు, కిటికీ గ్రిల్లులు, మోటారు సైకిల్ సామాన్లు, ఏవైనా అక్కడికే వెళ్ళాలి. అందరూ అతన్ని ఇసుకాయన అంటారు.

మిషన్ తలకు పైన సన్నటి నూనె బెజ్జాలుంటాయి. లోపల తిరిగే కడ్డీలకు నూనె వాటి గుండానే చేరుతుంది. అవి మూయకుండా ఇసుక కొడితే ఇసుక లోపలికి దిగి కడ్డీలను కొరికేస్తుంది. ఆ కడ్డీలు బయటికి లాగితే పాత పోత ఇనుము ఎక్కడ పగులుతుందోనని నేను వాటిని లోపలే ఉంచాను. పెద్ద సందులన్నిటికీ మందపాటి టేపు అంటించాను. బెజ్జాలకు మాత్రం నూలు పీలికలు పేని, కరిగిన కొవ్వొత్తి మైనంలో ముంచి, ఒక్కొక్కదానిలో దూర్చి బిరడాలు పెట్టాను. తర్వాత పీకడానికి పట్టు దొరకాలని తెల్లటి కొసలు కాస్త పైకి వదిలాను. ఇది మా నాయన పద్ధతి. మిషన్ ఇసుకాయనకు అప్పజెప్పేటప్పుడు "అన్నా, బెజ్జాలకు బిరడాలు పెట్టినా, జాగర్త" అని చెప్పాను. కంప్రెసర్ మోతలో అతను తల ఊపాడు.

తిరిగి తెచ్చుకోవడానికి చాచా కూడా ఉత్సాహంగా నాతో వచ్చారు. మిషన్ పైకి బూడిద రంగులో శుభ్రంగా మెరుస్తోంది. వంగి బెజ్జాలు చూశాను. ఒక్క బిరడా కూడా లేదు. చక్రం తిప్పితే కరకరమంది, కాస్త తిరిగి బిగుసుకుపోయింది. మిషన్ తల వంచితే బెజ్జాల్లోంచి ఇసుక ధారగా కారింది.

"అన్నా, బిరడాలేవి?" అని అడిగాను.

"ఏ బిరడాలు?" అన్నాడు.

"బెజ్జాలకు పెట్టిన బిరడాలు. చెప్పినా గదా నీకు."

"ఈడ బిరడాలూ లేవు, గిరడాలూ లేవు. నువ్వు ఏసిన టేపు చూడు, యాడిది ఆడ్నే ఉండాది. నేను దాన్ని ముట్టుకోనైనా లేదు. బిరడాలు పెట్టింటే అవి మాత్రం యాడికి పోతాయి?"

"అబద్ధం చెప్తాండావు."

"మా అమ్మ మింద ఒట్టు, నేను బిరడా అనేది కంటితో చూడలేదు. పని చేతకాలేదని చెప్పుకోలేక నా మింద ఏస్తాండావు. అబద్ధం నాది కాదమ్మా, నీది."

గేట్లు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు చుట్టూ నిలబడి నవ్వారు. అతని మాటలో తడబాటు లేదు. పైగా టేపు నిజంగానే చెక్కుచెదరలేదు. చాచా మిషన్ ఎత్తి ఆటోలో పెట్టారు. దారిలో ఒక్క మాట అన్నారు. "మీ నాయనైతే ఇట్ల చేసుండడమ్మా." ఇసుకాయన అన్న మాటలన్నీ ఒక ఎత్తు, చాచా అన్న ఈ మాట ఒక ఎత్తు. నేను ఆటో దిగి ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

ఆ తర్వాత బజారులో నాకు ఒక పేరు కూడా వచ్చింది, బిరడాలక్క. ఎవరైనా పని పాడుచేసి సాకు చెబితే "బిరడా పెట్టినాంటావా?" అని నవ్వుకునేవాళ్ళట. బెల్టుల పని కూడా తగ్గిపోయింది. రోజంతా షెడ్డులో ఊరికే కూర్చుని ఎండకు రేకులు చిటపటమనడం వినేదాన్ని. అప్పుడే నిశ్చయించుకున్నాను. ఆ మనిషి తన నోటితోనే, చాచా వినేలా, "తప్పు నాది" అని ఒప్పుకోవాలి. ఒప్పుకునేదాకా అతని పొట్ట కొడుతూనే ఉండాలి. ఇంత కసి నాలో ఉందని నాకే అంతవరకు తెలియదు. తెలిశాక దాన్ని వదులుకోబుద్ధి కాలేదు.

పొట్ట కొట్టాలంటే ఇసుక కొట్టే పని నా దగ్గరే జరగాలి. అందుకు ఇళ్ళలో పెట్టుకునే పెట్టెలు ఉన్నాయని ఫోనులో చూశాను. రేకు పెట్టె, పైన అద్దం, ముందు రెండు రంధ్రాలకు బిగించిన పొడవాటి రబ్బరు చేతి తొడుగులు. సామాను లోపల పెట్టి, తలుపు మూసి, తొడుగుల్లోకి చేతులు దూర్చి, లోపలున్న ఇసుక చిమ్మే గన్‌తో కొట్టాలి. పొడి బయటికి రాదు, కింద గరాటులోకి జారి మళ్ళీ అదే పనికొస్తుంది. మా ఆయన నా భుజం మీంచి తొంగిచూశాడు.

"ఇది మిషన్ల కోసమా, ఇసుకాయన కోసమా?"

"రెండిటి కోసం."

"ఆ పెట్టెకు పానముంటే నిన్ను చూసి పారిపోతాదిమ్మే" అన్నాడు.

చవక పెట్టెలు బోలెడున్నాయి. అన్నీ ఫొటోలో ఒకేలా కనిపిస్తాయి. కొనేవాళ్ళు చేసే పొరపాటు ఏమిటంటే బయటి కొలత చూసి కొనడం. సామాను లోపల పట్టడం ఒక్కటే చాలదు, దాన్ని లోపలే తిప్పగలగాలి, గన్ మూతికీ ఇనుముకూ మధ్య జానెడు దూరం ఉండాలి. నేను కిరాణా అంగడి నుంచి అట్టపెట్టెలు తెచ్చుకుని, ఒక్కో మోడల్ లోపలి కొలతకు కత్తిరించి, చేతులకు రంధ్రాలు చేసి, మిషన్ తల లోపల పెట్టి తిప్పి చూశాను. బల్ల మీద పెట్టుకునే చిన్న పెట్టె కొలతలో నా మోచేతులే అడ్డొచ్చాయి. పైనుంచి మూత తెరిచేది ఇంకో రకం. బరువైన ఇనుప తలను రోజూ పైకెత్తి లోపలికి దించాలంటే నా నడుము విరిగేది, కసి తీరేది కాదు. చివరికి కాళ్ళున్నది, పక్కన తలుపున్నది, రేకు పల్చగా ఉన్నా లోపల విశాలంగా ఉన్నది తీసుకున్నాను. రేకు మందం మీద రాజీ పడొచ్చు, జాగా మీద పడకూడదు.

పెట్టె వచ్చాక అసలు కష్టం గాలి దగ్గర మొదలైంది. ఈ పనికి పెట్టె కన్నా కంప్రెసర్ ముఖ్యమని అమ్మేవాళ్ళు చెప్పరు. సైకిళ్ళకు గాలి కొట్టే చిన్న కంప్రెసర్ ఒకటి ఉంటే చాలనుకుంటాం. గన్ నొక్కగానే దాని ట్యాంకు ఖాళీ అయిపోతుంది, నిండేదాకా చేతులు తొడుగుల్లో పెట్టుకుని నిలబడాలి. మడకశిరలో ఒక పంక్చర్ అంగడాయన రెండు సిలిండర్ల పాతది అమ్ముతున్నాడని మా ఆయన తన రూటులో విని వచ్చాడు. ఇద్దరం వెళ్ళాం. ఆ అంగడాయన మాట సగం కన్నడం, సగం తెలుగు. "దుడ్లు ఇచ్చి గాలి ఎంతైనా పట్టుకోని పోక్కా" అని వేళాకోళమాడాడు. నేను ముందు ట్యాంకు అడుగునున్న మర తిప్పి చూశాను. తుప్పు నీళ్ళు ఎక్కువగా కారితే లోపల రేకు పాడైనట్టే. కాసిన్నే వచ్చాయి. సేఫ్టీ వాల్వు లాగి చూశాను, బుస్సుమంది. ట్రాలీ ఆటోలో ఎక్కించి ఇంటికి తెచ్చాం.

గన్‌కు బిగించే పింగాణీ మూతులు నాలుగు సైజుల్లో ఇచ్చారు. పెద్దది పెడితే పని తొందరగా అవుతుందని చెయ్యి దానిమీదికే పోతుంది. నా కంప్రెసర్‌కు అది తగదు, గాలంతా మింగేసి ఇసుకను విసరలేక ఉమ్ముతుంది. అన్నిటికన్నా సన్నది బిగించాను. ఇక ఏటి ఇసుక వాడనని ముందే అనుకున్నాను. అది పగిలి లేచే ధూళి ఊపిరితిత్తుల్లో దిగితే మళ్ళీ బయటికి రాదు. ఎర్రగా ఉండే గార్నెట్ రాతి పొడి ఒక మూట, మెత్తటి పనికి గాజు పూసల పొడి ఇంకో మూట తెప్పించాను. ఇసుకాయన మాత్రం తువ్వాలు చుట్టుకుని ఏటి ఇసుకే కొడుతున్నాడు. అతనికి ఎవరైనా చెబితే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. చెప్పేది నేనైతే కాదనుకున్నాను.

"వజ్రకరూరు మన్ను తెస్తే పోలా? వజ్రాలుంటే ఇనుము ఇంగా బాగా తెగుతాది" అన్నాడు మా ఆయన, మూట విప్పుతూ.

"వజ్రం దొరికితే నా ముక్కుకు పెట్టుకుంటా గానీ ఇనుముకెందుకిస్తా" అన్నాను.

మొదటిరోజు గన్ నొక్కానో లేదో పెట్టె ప్రతి అతుకులోంచీ దుమ్ము లేచింది. షెడ్డంతా ఎర్రబడింది. ఎదురింటావిడ పరిగెత్తుకొచ్చి "ఏమ్మా, కారం మిషన్ పెట్టినావా?" అని అడిగింది. అద్దంలోంచి లోపల ఏమీ కనపడలేదు. చవక పెట్టె కొనడమంటే సగం పెట్టె కొనడమే, మిగతా సగం మనమే చేసుకోవాలి. బోల్టులన్నీ విప్పి, ప్రతి అతుకుకూ సిలికాన్ పూసి మళ్ళీ బిగించాను. తలుపు చుట్టూ కారు తలుపులకు వేసే రబ్బరు బీడింగు అంటించాను. పాత వాక్యూమ్ క్లీనర్ ఒకటి కొని, దాని గొట్టాన్ని మధ్యలో మూతున్న నీళ్ళ బకెట్ గుండా పెట్టెకు కలిపాను, దుమ్ము నీళ్ళలో ఆగిపోయేలా. అద్దం గీతలు పడకుండా లోపలివైపు పుస్తకాలకు వేసే పల్చటి ప్లాస్టిక్ అట్ట అంటించాను, మసకబారినప్పుడు పీకి కొత్తది వేయడమే. లోపల ఎల్ఈడీ పట్టీ వెలిగించాను. ముట్టుకుంటే చురుక్కుమని షాకు కొడుతుంటే ఎర్తు వైరు వేయించాను.

ఈ పనికి పెద్ద శత్రువు తేమ. గాలిలో తడి ఉంటే గొట్టాల్లో నీళ్ళు చేరి పొడి ముద్దకడుతుంది, గన్ మూసుకుపోతుంది. సముద్రం పక్క ఊళ్ళలో దీనికోసం నానా తంటాలు పడతారట. నేను నీళ్ళను ఆపే చిన్న ఫిల్టరు ఒకటి పెట్టి ఊరుకున్నాను, మా దగ్గర అది ఎప్పుడో గానీ నిండదు. శనక్కాయ పైరును ఎండబెట్టి, బోర్లను వట్టిపోయేలా చేసిన మా గాలి, నా పెట్టెకు మాత్రం బాగా కలిసొచ్చింది. ఈ కరువు నేల నా పక్షాన నిలబడింది కదా అని గర్వపడ్డాను.

పని కుదిరాక ఒక తుప్పు పట్టిన నాగటి కర్రు తీసుకుని సగం మాత్రం శుభ్రం చేశాను. సగం ఎర్రటి తుప్పు, సగం తెల్లగా వెండిలా. దాన్ని మా గేటుకు, ఇసుకాయన రోజూ టీకి నడిచే దారివైపు తిప్పి కట్టాను. అతను ఆగి చూసి వెళ్ళేవాడు. నేను షెడ్డు లోపలి నుంచి అతను చూడటాన్ని చూసేదాన్ని.

తర్వాత అతని గిరాకీని ఒక్కొక్కరినే లాక్కున్నాను. మోటారు సైకిల్ మెకానిక్‌కు ఒక కార్బరేటర్ గాజు పొడితో కొట్టి ఊరికే ఇచ్చాను, రెండో వారం నుంచి అతను ఇసుకాయన దగ్గరికి వెళ్ళడం మానేశాడు. బోరు మోటార్లు బాగుచేసేవాళ్ళు ఉప్పు పేరుకుని తెల్లగా గట్టిపడిన, నీళ్ళు తోసే పంపు గిన్నెలు తెచ్చారు. ఎవరొచ్చినా వాళ్ళ ముందే సామాను బెజ్జాలు మూసేదాన్ని, మూస్తూ చెప్పేదాన్ని. "ఆయప్ప బిరడాలు పీకేసి, పెట్టనేలేదని తల్లి మింద ఒట్టేసే మనిషి. మీ సామాను, మీ ఇష్టం." ఈ మాట ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. చెప్పిన ప్రతిసారీ నోరు తియ్యబడేది.

గేట్లూ గ్రిల్లులూ నా పెట్టెలో పట్టవు. వాటి కోసం వేరే దారి పట్టాను. అతని జాగా చుట్టూ ఉన్న ఇళ్ళ ఆడవాళ్ళ జాకెట్లు కుట్టే మిషన్లు నా దగ్గరికి వస్తాయి. ఆ ఇసుక ధూళి పిల్లల ఊపిరితిత్తుల్లో ఎలా దిగుతుందో వాళ్ళకు వివరంగా చెప్పాను. అది నిజమే. నిజం కాబట్టి ఇంకా హాయిగా చెప్పాను. వాళ్ళంతా కలిసి అతని జాగా ముందు గలాటా చేశారు, బయట ఇసుక కొట్టడం ఆపించారు. ఆ నెలలోనే అతను కంప్రెసర్ అమ్మేశాడు. మైసూరుపాకు తిన్నది అప్పుడే.

చాచా అంతకుముందే తిరిగొచ్చారు. పాడైన మిషన్‌ను నేను అడిగి తెచ్చుకుని, లోపల కడ్డీలు తిరిగే బుష్‌లు మార్చి, నల్లరంగు వేసి, బంగారు గీతలు దిద్ది ఇచ్చాను. ఆయన చక్రం తిప్పి, చప్పుడు విని, "మీ నాయన చెయ్యే" అన్నారు. బజారు టైలర్లు ఆయన వెనకే వచ్చారు. అయితే మెచ్చుకుంటూనే ఆయన ఇంకో మాట కలిపారు. "ఒగసారి తప్పు చేస్తేనే గదమ్మా పని వచ్చేది." నా ఒళ్ళు మండింది. నేను చేయని తప్పు ఆయన లెక్కలో ఇంకా నా మీదే ఉంది. ఇసుకాయన అంగడి మూసినా, ఆ ఒక్క మాట అతని నోటి నుంచి రానిదే నా పని పూర్తికాలేదు.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం ఇసుకాయనే నా షెడ్డుకు వచ్చాడు. భుజం మీద గోనెసంచి చుట్టిన మిషన్ తల. చిక్కిపోయాడు, గుమ్మంలో నిలబడి దగ్గుతున్నాడు. చాచా బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నారు. నేను ఇంకో మిషన్‌కు బిరడాలు పెడుతున్నాను.

"బాగుండావామ్మా? మా కోడలి మిషను. రంగు పొయ్యింది" అన్నాడు.

నేను తలెత్తలేదు. అతను నా చేతి కింద మిషన్ వైపు వంగి చూసి, చిన్నగా నవ్వాడు. "దసరా ఇంగా రాలేదు గదమ్మా. అప్పుడే పూజ చేసి వత్తులు పెట్టినావే?"

నా చెయ్యి ఆగిపోయింది. "ఏం వత్తులు?"

"అవే" అని బెజ్జాల్లోంచి పైకి లేచిన తెల్లటి కొసలు చూపించాడు. "ఆ పొద్దు చాచా మిషన్ తెచ్చినప్పుడు గూడా ఇట్లే ఉన్న్యాయి. కుంకుమ పెట్టి, బెజ్జం బెజ్జానికీ వత్తి పెట్టి తెచ్చినావు. దేవునికి పెట్టిన వత్తుల మింద ఇసుక కొడ్తే కండ్లు పోతాయి గదమ్మా. ఒగటి గూడా కింద పడనీకుండా తీసి, కండ్లకద్దుకోని, అంగడిలో అమ్మోరి పటం ముందర పెట్టినా. సాయంత్రం దీపంలో ఏసి ముట్టిచ్చినా. మైనం గదా, బాగా ఎలిగినాయి."

చాచా గ్లాసు కింద పెట్టారు.

"అవే బిరడాలన్నా" అన్నాను.

అతను నన్ను చూశాడు, మిషన్ను చూశాడు. ఒక వత్తిని రెండు వేళ్ళతో పట్టుకుని పైకి లాగాడు. దాని కింద నల్లటి బెజ్జం కనిపించింది. "ఇవి బిరడాలా? బిరడా అంటే సీసాకుండేది గదమ్మా. చెక్కదో, రబ్బరుదో ఉంటాదనుకుంటిని. వత్తులేవని అడిగింటే ఆ పొద్దే చెప్పేటోన్ని గదా."

అతను అబద్ధం చెప్పలేదు. తల్లి మీద వేసిన ఒట్టు కూడా నిజమే. బిరడా అనే మాట నాది, వత్తి అనే మాట అతనిది, ఆ రెండూ ఒకటేనని మా ఇద్దరికీ తోచలేదు. ఇది నాకు ఆ క్షణంలోనే పూర్తిగా అర్థమైంది. అర్థమైనంత మాత్రాన కోపం పోలేదు. ఇన్నాళ్ళు పెంచుకున్న కోపం, కారణం పోయినా తన చోట తాను కూర్చునే ఉంది.

అతను చాచా వైపు తిరిగి చేతులు జోడించాడు. "చాచా, ఈయమ్మ బిరడాలు పెట్టింది నిజమే. పీకింది నేనే. తప్పు నాది."

చాచా కళ్ళు దించుకుని "నన్ను గూడా మాఫ్ చెయ్యమ్మా. అనగూడని మాట అన్నా" అన్నారు.

ఆ మాట కోసమే పెట్టె కొన్నాను, కంప్రెసర్ తెచ్చాను, ఊరంతా చెప్పుకుని తిరిగాను. విన్నాక కడుపు చల్లబడింది. కాదని అబద్ధం చెప్పను.

ఇసుకాయన వెళ్ళలేదు. కాసేపు దగ్గి, గొంతు సవరించుకున్నాడు. "ఒగ మాటమ్మా. నేను అబద్ధాలోన్నని ఊరంతా అంటాండారు. అట్ల కాదని నువ్వు ఒగసారి చెప్తే చాలు. నేను గూడా ఇట్లాంటి పెట్టె ఒగటి కొనుక్కోని, మల్ల పని మొదులు పెట్టుకుంటా. ఏది కొనాల్నో గూడా నువ్వే చెప్పాల."

"చెప్పమ్మా, పాపం" అన్నారు చాచా.

"చెప్పను" అన్నాను.

"తెలీక చేసినా గదమ్మా" అన్నాడు అతను.

"అవునన్నా. నువ్వు తెలీక చేసినావు. నేను తెలిసే చేసినా. మిషన్ ఆ బల్ల మింద పెట్టి పో, శుక్రవారం వచ్చి తీసుకో."